చెరకు గడలో రెల్లు నెత్తురు

చెరకు తోటలో నరుకుడుకు దిగిన కూలీలకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కర లేదు. ఆకు అంచు రంపంలా ఉంటుంది. చేతులకు గుడ్డలు చుట్టుకున్నా మోచేతుల దాకా గీతలే. ఏటి లంకల్లో, చెరువు గట్ల మీద రెల్లు కోసి ఇల్లు కప్పుకున్న వాళ్లకీ ఈ కోత తెలుసు. రెల్లు ఆకూ అట్లాగే గీస్తుంది. చెరకు పూత వేస్తే తెల్లని కుచ్చు. దసరా రోజుల్లో రెల్లు పూసినా తెల్లని కుచ్చే. ఒకటి పట్టుకుంటే పిడికిలి నిండే గడ, రెండోది సన్నని పుల్ల. ఒకటి తీపి, రెండోది చప్పన. ఇంత తేడా ఉన్నా పోలిక ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఇవి రెండూ దగ్గరి చుట్టాలు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఇవాళ మన తోటల్లో నరికే చెరకు గడలో రెల్లు ఉంది. మాటవరసకి అంటున్నది కాదు. లెక్కపెట్టి చూపించవచ్చు. ఆ లెక్కే ఇక్కడ చెప్పుకుందాం.

"విత్తనాల సంగతి ఆఫీసర్లు చూసుకుంటారు, మనకు కావలసింది కూలి రేటు" అని మా సంఘం కార్యకర్తల్లోనే కొందరంటారు. కూలి రేటు కావలసిందే, ఎవరు కాదన్నారు? కాని టన్నుకి ఇంత అని ముఠా బేరం ఆడేటప్పుడు, ఆ టన్ను ఎట్లా వచ్చిందో తెలిసిన కార్మికుడు ఇంకొంచెం నిటారుగా నిలబడతాడు. నూరేళ్ల కిందటి చెరకు వేరు, ఇప్పటి చెరకు వేరు. ఆ తేడా మిల్లు యజమాని పెట్టుబడిలోంచి పుట్టలేదు. ఎవరూ పన్ను కట్టని, ఎవరూ నీరు పెట్టని ఒక గడ్డిలోంచి పుట్టింది.

ముందు క్రోమోజోములంటే ఏమిటో చెప్పుకోవాలి. పాతరోజుల్లో కరణం ఇంట్లో దఫ్తరం కట్ట ఉండేది గుర్తుందా? ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ చేను మెరక, ఏది పల్లం, శిస్తు ఎంత, అన్నీ ఆ పుస్తకాల్లోనే. మొక్కలోని ప్రతి కణంలోనూ అట్లాంటి దఫ్తరం ఒకటి ఉంటుంది. అందులోని పుస్తకాలే క్రోమోజోములు. గడ లావుగా ఉండాలా సన్నగా ఉండాలా, తీపి ఎంత, తెగులు సోకితే తట్టుకుంటుందా లేదా, ఇదంతా అక్కడ రాసి ఉంటుంది. వరి కణంలో 24 పుస్తకాలు. మనిషి కణంలో 46. ఇవి జతలుగా ఉంటాయి, తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. పూతకొచ్చి పుప్పొడీ అండమూ తయారయ్యేటప్పుడు జత జతలోంచీ ఒక్కటే తీసి పెడతారు. అంటే సగం. తల్లి సగం, తండ్రి సగం కలిస్తే మళ్లీ మొత్తం లెక్క సరిపోతుంది. వరికి తల్లి నుంచి 12, తండ్రి నుంచి 12, కలిపి 24. ఒకే జాతిలో ఈ లెక్కకు ఇబ్బంది లేదు.

చిక్కు ఎక్కడంటే, రెండు వేరు జాతులు కలిసినప్పుడు. గుర్రానికి 64, గాడిదకి 62. వాటికి పుట్టిన కంచరగాడిదకి 32, 31 కలిసి 63. బరువు మోస్తుంది, బండి లాగుతుంది, కాని దానికి సంతానం కలగటం దాదాపు లేదనే చెప్పాలి. ఎందుకంటే గుర్రం పుస్తకాలకీ గాడిద పుస్తకాలకీ సరిగ్గా జత కుదరదు, పైగా ఒకటి ఒంటరిగా మిగిలిపోతుంది. సగం చేయబోతే లెక్క చెడుతుంది. అందుకని జాతికీ జాతికీ మధ్య దేవుడు గోడ కట్టాడని చెప్పేవాళ్లు ఉన్నారు. మొక్కల్లో ఆ గోడ అంత గట్టిది కాదు. దానికి చెరకు కంటే మంచి సాక్ష్యం లేదు.

లావు చెరకు పుట్టిల్లు న్యూగినీ దీవి. అక్కడి ఆదివాసులు ఒక అడవి గడ్డిని వేల ఏళ్లు ఏరి ఏరి నాటి, నమిలి, తీపిగా మార్చుకున్నారు. తెల్లవాళ్లు దానికి 'దొర చెరకు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మెత్తని గడ, రసం ఎక్కువ, పీచు తక్కువ. దాని క్రోమోజోములు 80. ఇక రెల్లుకి ఒక్కో చోట ఒక్కో లెక్క. 40 నుంచి 128 దాకా ఉంటుంది. కోయంబత్తూరు దగ్గరి రెల్లుకి 64, జావా దీవి రెల్లుకి 112. వరిలో లాగా ఒక్కో పుస్తకానికి రెండేసి ప్రతులు కాదు వీటికి. లావు చెరకులో ఒక్కో పుస్తకానికి ఎనిమిదేసి ప్రతులున్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఉత్తర హిందూస్థానంలో పాతకాలం నుంచి పండించిన సన్న చెరకు ఉంది కదా, అది కూడా ఎప్పుడో వెనకటి రోజుల్లో లావు చెరకూ రెల్లూ తమంతట తామే కలిసి పుట్టినదేనని శాస్త్రజ్ఞులు తర్వాత తేల్చారు.

దొర చెరకు దొర లాంటిదే. మంచి నేల కావాలి, నిండా నీరు కావాలి, తెగులొస్తే తట్టుకోలేదు. 1880లలో జావాలో సెరె అనే తెగులు పడింది. గడ ఎదగక దుబ్బంతా నిమ్మగడ్డిలా గుబురుగా తయారయ్యేది. సెరె అంటే అక్కడి మాటలో నిమ్మగడ్డే. డచ్చి వాళ్ల తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. మనకూ తప్పలేదు. గోదావరి డెల్టాలో ఎర్రకుళ్లు పడి చెరకు రైతులు నాశనమవుతున్న సంగతిని 1901లో బార్బర్ అనే మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు నమోదు చేశాడు. ఈ దేశంలో ఆ తెగులుకు తొలి రికార్డుల్లో ఒకటి మన గోదావరి గడ్డ మీదిదే. సామర్లకోటలో చెరకు ప్రయోగక్షేత్రం పెట్టడానికి అదే కారణం. తర్వాత 1913లో అనకాపల్లిలోనూ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వచ్చింది.

మరి తెగులును తట్టుకునే చెరకు ఎక్కడ నుంచి తేవాలి? ముచ్చెలు నాటి పెంచే పంటలో కొత్త రకం పుట్టదు. ముచ్చె నాటితే పాత గడే మళ్లీ మొలుస్తుంది, అచ్చుగుద్దినట్టు. చెరకు పూతలో మొలకెత్తే విత్తనం ఉంటుందని పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా శాస్త్రజ్ఞులకు గట్టి నమ్మకమే లేదు. 1887, 1888ల్లో జావాలో ఒకరు, బార్బడోస్ దీవిలో ఇద్దరు ఆ నూగులోంచి మొక్కలు మొలిపించి చూపించారు. అప్పుడు దారి తెరుచుకుంది.

జావాలో అప్పటికే కస్సోర్ అనే మొక్క ఒకటుంది. ఎవరూ సంకరం చేయలేదు, ప్రకృతిలో తనంతట తనే పుట్టింది. సెరె తెగులు దానికి సోకదు. దొర చెరకులో నల్ల చెరిబాన్ అనే రకం దాని తల్లి, అక్కడి రెల్లు దాని తండ్రి. 1920లలో బ్రెమెర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు దాని క్రోమోజోములు లెక్కపెట్టాడు. మనమూ లెక్క వేద్దాం. తల్లి 80లో సగం 40. తండ్రి 112లో సగం 56. కలిపితే 96 రావాలి. సూక్ష్మదర్శిని కింద కనిపించినవి 136!

అదనంగా 40 ఎక్కడివి? తండ్రి పద్ధతి ప్రకారం సగమే ఇచ్చాడు, 56. తల్లి మాత్రం సగం చేయకుండా ఉన్నదంతా ఇచ్చేసింది, 80. 80, 56 కలిస్తే 136. లెక్క సరిపోయింది.

ఇది ఒక్క మొక్కలో జరిగిన పొరపాటు కాదు. దొర చెరకు తల్లిగానూ రెల్లు తండ్రిగానూ కలిసిన ప్రతిసారీ మామూలుగా జరిగేదే ఇది. రెల్లును తల్లిని చేసి, చెరకు పుప్పొడి చల్లితే ఇట్లా జరగదు, అప్పుడు రెండు వైపులా సగం సగమే. తల్లి కణంలో సగం చేసే పని తప్పిపోవటం వల్లగాని, సగమైన కట్ట మళ్లీ రెట్టింపు కావటం వల్లగాని ఇది జరుగుతుందని చెబుతారు. ఏదైతేనేం, ఫలితం మాత్రం రైతుకు వరమైంది. ఎందుకో చూడండి. రెల్లుతో కలిపితే తెగులును తట్టుకునే బలం వస్తుంది, కాని చక్కెర పోతుంది, గడ సన్నబడుతుంది. ఆ చక్కెరను తిరిగి రాబట్టాలంటే పిల్లను మళ్లీ మళ్లీ చెరకుతో కలపాలి. తల్లి చెరకు తన పుస్తకాలన్నీ ఇచ్చేస్తుంది కాబట్టి, చాలా తరాలు పట్టవలసిన పని రెండు మూడు తరాల్లో అయిపోయింది.

జావాలో కస్సోర్ వంశాన్ని మళ్లీ దొర చెరకుతో కలిపారు. కస్సోర్ 136లో సగం 68. తల్లి మళ్లీ 80 ఇచ్చింది. మొత్తం 148. దాన్ని ఇంకోసారి కలిపితే ఈసారి తల్లి కూడా సగమే ఇచ్చింది. అట్లా 120కి అటూ ఇటూ క్రోమోజోములతో 1921లో పి.ఓ.జె. 2878 అనే రకం పుట్టింది. దాన్ని తయారు చేసినవాడు యెస్వీట్. కొన్నేళ్లలో జావా చెరకు పొలాలన్నింటిలోనూ దాదాపు అదే నిండిపోయింది. సెరె పీడ వదిలింది, దిగుబడి పెరిగింది. పెరిగిన చక్కెర ఓడలెక్కి డచ్చి వాళ్లకు లాభాలయ్యింది. జావా రైతు తన భూమిని మిల్లుకు కౌలుకిచ్చి, అదే భూమిలో కూలికి వెళ్లే స్థితి మాత్రం మారలేదు. 1930ల మాంద్యంలో చక్కెర ధర పడిపోయేసరికి ఆ దీవిలో సగానికి పైగా మిల్లులు మూతపడ్డాయి. విజ్ఞానం ఎంత గొప్పదైనా గిట్టుబాటు ధరను క్రోమోజోముల్లో రాసి పెట్టలేదు గదా.

ఇక మన కోయంబత్తూరు. ఉత్తరాదిన చెరకు సరిగ్గా పూయదు, పూసినా పుప్పొడి పనికిరాదు. కోయంబత్తూరులో బాగా పూస్తుంది. అందుకే 1912లో చెరకు సంకర పరిశోధనా కేంద్రం అక్కడ పెట్టారు. గోదావరి ఎర్రకుళ్లును చూసిన ఆ బార్బరే దానికి తొలి పెద్ద. ఆయన దగ్గర పనికి చేరినవాడు తిరువాడి సాంబశివ వెంకట్రామన్. లావు చెరకులో 'వెళ్లై' అనే రకాన్ని తల్లిగా తీసుకున్నారు. పుప్పొడి కోసం మాత్రం పెద్ద తోటలకు పోలేదు, ఆ చుట్టుపక్కల బంజర్లలో దొరికే రెల్లును పట్టుకొచ్చారు. ఇళ్లు కప్పే గడ్డిని చెరకుతో కలపటమేమిటని నవ్వినవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు.

ఆ పని ఎట్లా చేస్తారో చెబితే మన కూలీలకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది చేతిపని. పూత కుచ్చు రెండు మూడు నిలువుల ఎత్తున ఉంటుంది. ఏ పుప్పొడి పడితే ఆ పుప్పొడి పడకుండా తల్లి కుచ్చు చుట్టూ వెదురు బద్దలతో చట్రం కట్టి పల్చని గుడ్డ తొడుగుతారు. తెల్లవారుజామున తండ్రి కుచ్చు తెచ్చి పైన కట్టి పుప్పొడి రాలేట్టు చేస్తారు. గింజ ఎంతంటే కంటికి ఆనదు, నూగులో కలిసిపోయి ఉంటుంది. దాన్ని మట్టి పళ్లాల్లో చల్లి, పసిపిల్లల్లా సాకి, వేల మొక్కలు పెంచి, అందులో పనికొచ్చేవి ఏ నాలుగైదో ఏరాలి. నిచ్చెనలెక్కి గుడ్డలు కట్టినవాళ్లు, పళ్లాలకు నీళ్లు చిలకరించిన ఆడవాళ్లు, మొక్క మొక్కకీ చీటీ కట్టినవాళ్లు ఎంతమందో. బార్బర్ పేరు ఉంది. వెంకట్రామన్‌కు సర్ బిరుదు వచ్చింది. ఇద్దరూ అర్హులే. మేము చదివిన ఏ పుస్తకంలోనూ ఆ కూలీల పేరు మాత్రం ఒక్కటి కూడా దొరకలేదు.

అట్లా పుట్టి 1918లో పొలాలకు వెళ్లిన రకం కో 205. 'కో' అంటే కోయంబత్తూరు. దాని క్రోమోజోములు 112. తల్లి నుంచి మొత్తం 80, రెల్లు నుంచి 64లో సగం 32. జావాలో తేలిన సూత్రమే ఇక్కడా నిలబడింది. అంటే పదింట ఏడు వంతులు చెరకు, మూడు వంతులు రెల్లు. చూడటానికి సన్నపాటి గడ, చక్కెర తక్కువ. అయినా పంజాబు చలికి తట్టుకుంది, నీరు నిలిచినా కుళ్లలేదు. అక్కడి పాత రకాల కంటే దిగుబడి దాదాపు సగం ఎక్కువ ఇచ్చింది. ఇంకోసారి లావు చెరకుతో కలిపామనుకోండి. పిల్ల 112లో సగం 56 ఇస్తుంది, అందులో రెల్లువి సుమారు 16. తల్లి 80. మొత్తం 136లో రెల్లు 16. మూడోసారి కలిపితే తల్లి కూడా సగమే ఇస్తుంది కాబట్టి 40, 68 కలిసి 108, అందులో రెల్లు సుమారు 8. పలక పట్టుకుని మీరే వేసి చూడండి. తూకం అంత కచ్చితంగా ఉండదు, మొక్క మొక్కకీ రెండు మూడు తేడా వస్తుంది. దారి మాత్రం ఇదే.

మా వైపు ముసలి రైతులు ఇప్పటికీ తలచుకునే కో 419 ఉంది. దాని తల్లి జావా పి.ఓ.జె. 2878, తండ్రి కోయంబత్తూరు కో 290. జావా కొండల రెల్లు ఆ తల్లి వెంట సముద్రం దాటి మన డెల్టా పొలాల్లోకి వచ్చిందన్న మాట. ఆంధ్ర, మహారాష్ట్ర, కన్నడ దేశాల్లో కొన్ని దశాబ్దాలు అది రాజ్యమేలింది. తర్వాత కో 6907 లాంటివి, అనకాపల్లి వాళ్ల 87ఏ298 లాంటివి వచ్చాయి. అన్నీ ఆ సంకర వంశం పిల్లలే.

కంచరగాడిదకు సంతానం లేనప్పుడు చెరకుకు ఎట్లా ఉందని అడగవచ్చు. మంచి ప్రశ్న. మొదటి కారణం ఆ ఎనిమిదేసి ప్రతులు. రెల్లు పుస్తకాలకు రెల్లు పుస్తకాలే జత దొరుకుతాయి, చెరకు వాటికి చెరకువే దొరుకుతాయి, ఒంటరిగా మిగిలే బాధ తక్కువ. రెండో కారణం మనందరికీ తెలిసిందే, ముచ్చె. లెక్క బేసి అయినా, జత కుదరకపోయినా, గింజ కట్టకపోయినా ఫరవాలేదు. నచ్చిన గడను మూడు కళ్ల ముచ్చెలుగా నరికి నాటితే ఆ 112కి 112 యథాతథంగా మళ్లీ మొలుస్తాయి. గుర్రానికి ఆ సౌకర్యం లేదు.

ఇంకో విశేషం. ఒకే కణంలో పక్కపక్కన ఉన్న చెరకు పుస్తకమూ రెల్లు పుస్తకమూ అప్పుడప్పుడు కొన్ని పుటలు మార్చుకుంటాయి. జతలు కట్టే సమయంలో తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటుంది. అప్పుడు ఒకే క్రోమోజోములో సగం చెరకు, సగం రెల్లు. 1996లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు రెల్లు భాగానికి ఒక రంగు, చెరకు భాగానికి ఒక రంగు అంటేటట్టు చేసి దీన్ని కంటితో చూపించారు. నేటి చెరకు రకాల్లో సుమారు నూట పది నుంచి నూట ముప్పై క్రోమోజోములుంటే, నూటికి పది నుంచి ఇరవై వరకు రెల్లువే, ఇంకో పది దాకా రెండూ అతికినవి. ఆ గజిబిజి వల్లనే వరి దఫ్తరం చదవటం ఎప్పుడో పూర్తయినా, ఆర్570 అనే చెరకు రకం దఫ్తరం పూర్తిగా చదివి ప్రకటించటానికి 2024 దాకా పట్టింది.

రెల్లు ఇచ్చింది ఒక్క తెగులు నిరోధమే కాదు. తోట నరికాక మొదళ్ల నుంచి కార్శి మళ్లీ దుబ్బు కడుతుంది చూశారూ, ఆ పట్టుదలలోనూ దాని పాలు ఉంది. లంకలో రెల్లును తగలబెట్టి దున్నినవాళ్లకు తెలుసు, నాలుగు చినుకులు పడితే అది మళ్లీ లేస్తుంది.

ఈ రెల్లు వంశవృక్షాన్ని పట్టుదలగా తవ్విన మనిషి జానకీ అమ్మాళ్. 1897లో కేరళలోని తలశ్శేరిలో, వెనుకబడిన తీయ కులంలో పుట్టింది. అమెరికా వెళ్లి 1931లో డాక్టరేటు తీసుకుంది. 1934 నుంచి 1939 దాకా కోయంబత్తూరు కేంద్రంలో పనిచేసి, చెరకును రెల్లుతోనే కాదు, మొక్కజొన్నతో కూడా కలిపి చూపించింది. ఆడమనిషి, పైగా కింది కులం, పెళ్లి చేసుకోలేదు. తోటి మగ శాస్త్రజ్ఞుల మధ్య ఆమెకు సుఖం లేకపోయింది. దేశం వదిలి ఇంగ్లండు వెళ్లింది. డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కలన్నింటి క్రోమోజోముల లెక్కలతో 1945లో ఒక పెద్ద గ్రంథం వెలువరించింది. 1951లో నెహ్రూ పిలిస్తే తిరిగి వచ్చింది. 1984లో చనిపోయేదాకా మొక్కలతోనే ఉంది. మా గ్రామాల్లో కులం తక్కువ పెళ్లి జరిగితే "జాతి చెడింది" అని రచ్చబండ మీద కూర్చుని తీర్పులు చెప్పే పెద్దమనుషులున్నారు. వాళ్లు పొద్దున్నే కాఫీలో వేసుకునే చక్కెర రెండు జాతుల కలయిక. శుద్ధమైన దొర చెరకు తెగులు పడి చచ్చింది.

చెరకు ఒక్కటే కాదు, వరిలోనూ ఇదే కథ. గ్రాసీ స్టంట్ అనే తెగులుకు మందు లేక ఆసియా వరి రైతులు అల్లాడుతుంటే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి కేంద్రం వాళ్లు వేల రకాలు పరీక్షించారు. తట్టుకున్నది ఒక్కటే, 1963లో ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన అడవి వరి. దానికీ 24, మన వరికీ 24, కాబట్టి జత కుదరటం చెరకు అంత కష్టం కాలేదు. అందులోని గుణాన్ని ఎక్కించి 1976లో ఐ.ఆర్. 36 విడుదల చేశారు. కలుపని పీకి గట్టున పారేసే మొక్క అది.

అందుకే లంకల సంగతి మాట్లాడాల్సి వస్తోంది. స్వాతంత్ర్యం వచ్చాక కోయంబత్తూరు వాళ్లు దేశమంతా తిరిగి రకరకాల రెల్లు సేకరించి పెట్టారు. కేరళలో కన్నూరు దగ్గర చెరకు జాతుల పెద్ద నిలవ తోట ఉంది. మంచిదే. కాని తోటలో దాచింది దాచినంతే ఉంటుంది. ఏటి ఒడ్డున వరదకూ ఎండకూ ఓర్చుకుంటూ ఏటేటా మారే రెల్లు వేరు. ఇసుక కాంట్రాక్టర్లు యంత్రాలు దింపి లంకలు తవ్వేస్తున్నారు. పోరంబోకులు కబ్జా అవుతున్నాయి. గడ్డి కోసుకుని బతికే పేదలకు అక్కడ పట్టాలు అడిగితే "అది పనికిరాని భూమి, రెల్లు తప్ప ఏముంది" అంటారు అధికారులు. రెల్లు ఉంది కాబట్టే చక్కెర మిల్లులున్నాయని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

లాభం ఎవరికి చేరిందో కూడా చూద్దాం. 1932లో బ్రిటిషు ప్రభుత్వం దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం చట్టం చేసింది. అప్పటికి దేశంలో మిల్లులు ముప్పై చిల్లర. ఐదారేళ్లలో నూట ముప్పై దాటాయి. కొత్త రకాల చెరకు సిద్ధంగా ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ రకాలను తయారు చేయటానికి ఒక్క మిల్లు యజమానీ పైసా పెట్టలేదు, అంతా ప్రజల పన్ను సొమ్ము. మిల్లు వాళ్ల చరిత్ర చెప్పే ఉపన్యాసాల్లో మాత్రం అంతా వాళ్ల సాహసమే. తర్వాత రైతులు వాటాలు కట్టి పెట్టుకున్న సహకార మిల్లులు మన రాష్ట్రంలో ఒక్కొక్కటే మూతపడుతుంటే కాపాడే సాహసం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది.

చివరగా కౌలు రైతులు, కూలికి పోతూ అరెకరం చెరకు వేసుకున్నవాళ్లు మమ్మల్ని అడిగే మాట. మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం ఏటేటా కంపెనీ దగ్గరే కొనాలి, ఎందుకంటే దాని గింజ మళ్లీ వేస్తే గుణం చెదిరిపోతుంది. చెరకు కూడా అంతేనా? కాదు. చెరకు కూడా హైబ్రిడ్డే, కాని ముచ్చె నాటుతాం కాబట్టి గుణం చెదరదు. పక్క రైతు దగ్గర ముచ్చెలు తెచ్చుకోవచ్చు, ఇవ్వవచ్చు. 2019లో గుజరాత్‌లో బంగాళదుంప రైతులను ఒక విదేశీ కంపెనీ మా రకం వేశారని కోర్టుకీడ్చింది, గోల పుట్టేసరికి కేసులు ఉపసంహరించుకుంది. ఆ భయం మన దగ్గరా వినిపిస్తోంది. 2001 నాటి మొక్క రకాల రక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ఉంది. రిజిస్టరయిన రకం అయినా సరే, రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు ముద్ర వేసి మాత్రం అమ్మకూడదు. ఆ సెక్షన్ నంబరు సంఘం ఆఫీసుల గోడ మీద రాసి పెట్టండి.

ముచ్చెలు తెచ్చుకునే ముందు రెండు గడలు నిలువునా చీల్చి చూడండి. లోపల ఎర్రబడి, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లని మచ్చలుండి, సారా లాంటి పులుపు వాసన కొడితే అది ఎర్రకుళ్లు. ఆ తోట విత్తనం ఉచితంగా ఇచ్చినా తేవద్దు.